గుడి తలుపు, చర్చి బల్ల, ఊరి శ్మశానం: మన మతాలు కులాన్ని ఎలా ఎదుర్కొన్నాయి

సభకు నమస్కారం. ఈ సాయంత్రం వేళ పరీక్షల టెన్షన్ పక్కన పెట్టి వచ్చిన విద్యార్థులకు, మీ అధ్యాపకులకు కృతజ్ఞతలు.

నాకు ఇచ్చిన విషయం “మతాలు, నేటి సామాజిక సమస్యలు”. చాలా పెద్ద విషయం. నదుల కాలుష్యం నుంచి విడాకుల దాకా అన్నీ అందులోకి వస్తాయి. అన్నిటినీ పైపైన తడమడం కంటే ఒక్క సమస్యను గట్టిగా పట్టుకుంటాను. తెలుగు నేల మీద అడుగుపెట్టిన ఏ మతమూ తప్పించుకోలేకపోయిన సమస్య అది. కులం, అందులోనూ అంటరానితనం.

1917 నవంబరు మొదటి వారంలో బెజవాడలో ఒక సభ జరిగింది. పంచములంటే అప్పట్లో అంటరానివాళ్ళుగా చూసిన కులాలవాళ్ళు. ఆంధ్రదేశంలోని పంచములందరికీ అది మొదటి మహాసభ. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి మాదరి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. మమ్మల్ని పంచములని ఎందుకు పిలుస్తున్నారు, ఈ నేలకు మొదటి వాళ్ళం మేమే కదా అని ఆయన ప్రశ్నించారు. పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర సభ అయింది. ఆ పేరు తర్వాత ప్రభుత్వ కాగితాల్లోకీ ఎక్కింది. ఇదంతా చాలామందికి తెలిసిన చరిత్రే. తక్కువగా చెప్పుకునే సంగతి మరొకటి ఉంది. ఆ సభ జరుగుతున్న రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ గుడి మూసేశారు. సభకు వచ్చిన జనం కొండెక్కుతారేమోనని భయం.

భాగ్యరెడ్డి వర్మ గారి జీవితం చూడండి. ఆయన పేరు చివర ఉన్న వర్మ అన్న బిరుదు ఆర్యసమాజం ఇచ్చింది. బ్రహ్మసమాజం వాళ్ళతో కలిసి నడిచారు. హైదరాబాదులో దళిత పిల్లలకు బడులు పెట్టారు. ఆడపిల్లలను దేవుడికి వదిలే ఆచారానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగారు. చివరి రోజుల్లో బుద్ధుడి వైపు మొగ్గారు. ఒక మనిషి తన జాతికి గౌరవం కావాలని ఇన్ని సంప్రదాయాల తలుపులు తట్టాడు. ఏ తలుపు ఎంత తెరుచుకుంది, ఎక్కడ ఆగిపోయింది అన్నది నేను ఇవాళ మీతో మాట్లాడాలనుకున్న విషయం.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. సమానత్వం గురించి మంచి మాటకు ఏ మతంలోనూ కరువు లేదు. ఆళ్వారుల పాశురాల్లో ఉంది, బసవన్న వచనాల్లో ఉంది, పౌలు పత్రికల్లో ఉంది, మసీదులో భుజం భుజం కలిపి నిలబడే నమాజులో ఉంది, గురుద్వారా పంక్తి భోజనంలో ఉంది. కాబట్టి మాటల్ని బట్టి నేను ఏ మతాన్నీ కొలవను. గర్భగుడి తాళంచెవి ఎవరి చేతిలో ఉంది, ప్రసాదం వండేది ఎవరు, కమిటీలో సంతకం పెట్టేది ఎవరు, చనిపోయాక ఎవరిని ఎక్కడ పూడుస్తున్నారు అని చూస్తాను. ఇంకొక సంగతి కూడా. నాకు తెలిసిన ప్రతి ఉదాహరణలోనూ మొదటి అడుగు బయట నిలబెట్టబడిన వాళ్ళే వేశారు. లోపలి పెద్దలు కదిలింది ఆ తర్వాతే.

ఒంగోలు కథ కొంచెం వివరంగా చెప్పాలి. ప్రకాశం జిల్లా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉంటే క్లౌ దొర పేరు వినే ఉంటారు. జాన్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, 1866లో ఒంగోలు చేరాడు. అయితే ఆ కథ ఆయనతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. అది మొదలైంది ఎర్రగుంట్ల పేరయ్యతో. తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. చదువు లేదు. కానీ అప్పటికే యోగమార్గపు గురువుల దగ్గర ఉపదేశం తీసుకుని, తన వాళ్ళలో తానే ఒక గురువుగా మన్నన పొందినవాడు. వ్యాపారం పని మీద ఉత్తరాన గోదావరి వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. తర్వాత తనే మిషనువాళ్ళను వెతుక్కుంటూ వచ్చి 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ చుట్టుపక్కల మాదిగపల్లెలకు వార్త మోసుకెళ్ళింది ఆయనా, ఆయన బంధువులూ, ఆయన శిష్యులూ.

అదే సమయంలో ఒంగోలు పట్టణంలో పై కులాలవాళ్ళు కొందరు మిషను మీద ఆసక్తి చూపారు. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. మాదిగలను చేర్చుకుంటే మేం రాము. మిషనరీకి అది చిన్న పరీక్ష కాదు. నలుగురు పేరున్నవాళ్ళు చేరితే బడికి, ఇంటిస్థలానికి, అధికారుల దగ్గర మాటకు అన్నిటికీ అండ దొరుకుతుంది. క్లౌ దంపతులు ఎటూ తేల్చుకోలేక చెరో గదిలోకి వెళ్ళి బైబిలు తెరిచారని, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటే తెరుచుకుందని ఆ మిషను చరిత్రలో రాసుకున్నారు. దాన్ని మీరు దైవ సంకల్పం అనుకున్నా, యాదృచ్ఛికం అనుకున్నా ఫలితం ఒకటే. వాళ్ళు మాదిగలను ఎంచుకున్నారు, పై కులాలవాళ్ళు వెళ్ళిపోయారు. ఒక మత సంస్థ ఇలా నష్టపోవడానికి సిద్ధపడినప్పుడు నేను దాన్ని గౌరవిస్తాను.

చేరినవాళ్ళు పెట్టిన మూల్యం ఇంకా పెద్దది. ఊరి జాతరలో డప్పు కొట్టం అన్నారు. చచ్చిన పశువు మాంసం తినం అన్నారు. ఆదివారం వెట్టికి రాం అన్నారు. పైకి ఇవి మత నియమాల్లా కనిపిస్తాయి. ఊరి దొరతనం కళ్ళతో చూస్తే అది సమ్మె. ఊరి పెద్దలు బావుల దగ్గరకు రానివ్వలేదు, పని ఆపేశారు, కొట్టారు.

తర్వాత 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా ఆకలితో చచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇచ్చాడు. గమనించండి, ఆ కరువు పనులు నడిచిన పదిహేను నెలలూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం పెట్టి మతం మార్చారన్న మాట పడకూడదని. పనులు ముగిశాక జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవాళ్ళు తొమ్మిది వేలు దాటారు.

“బియ్యం కోసం మారారు” అనే మాట ఇవాళ కూడా సోషల్ మీడియాలో చాలా తేలిగ్గా అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తరతరాలు గుడి మెట్టెక్కనివ్వని వాళ్ళు, తమను పక్కన కూర్చోబెట్టుకునే దేవుడి కోసం వెతికారు. పేరయ్య మిషను దొర రాకముందే ఆ వెతుకులాటలో ఉన్నాడు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మం గారి దగ్గర దూదేకుల సిద్దయ్య శిష్యుడైనా, మాదిగ కక్కయ్య శిష్యుడైనా అదే వెతుకులాట. అందులో ఆకలి కూడా ఉంటే తప్పేముంది? ఆకలి, అవమానం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఏది దేనికోసం అని విడదీసి చెప్పమనడం న్యాయం కాదు.

ఇంత గొప్పగా మొదలైన క్రైస్తవం కులాన్ని దాటిందా? లేదు. ఈ మాట నేను చర్చిల్లో కూడా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. కోస్తాలో ఒక్కో మిషను ఒక్కో కులంలోకి వెళ్ళింది. ఒంగోలు బాప్టిస్టులు ప్రధానంగా మాదిగల్లోకి, గుంటూరు లూథరన్లు ప్రధానంగా మాలల్లోకి. మిషన్ల హద్దులే కులాల హద్దులయ్యాయి. ఇప్పటికీ మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి ఉన్న ఊళ్ళు ఎన్నో. ఒకే బైబిలు, ఒకే కీర్తనలు, క్రిస్మస్ స్టార్లు మాత్రం విడివిడిగా. ఇక రెడ్డి, కమ్మ క్రైస్తవులున్న చోట పెళ్ళి సంబంధం దగ్గర కులం యథాతథం. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిన్నవాళ్ళు వియ్యం దగ్గర విడిపోతారు.

కాథలిక్కుల సంగతి చూడండి. మన దేశ కాథలిక్ చర్చిలో దళితులే పెద్ద భాగం. అయినా ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు 27 దాకా ఆగాల్సి వచ్చింది. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని గారు, కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టినవారు. తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ కూడా ఆయనే. అంతకు ముందు 2016 డిసెంబరులో బిషప్పుల జాతీయ మండలి ఒక విధాన పత్రం తెచ్చింది. చర్చిలో కుల వివక్ష ఉందని అందులో ఒప్పుకున్నారు, అది పాపమన్నారు. ఒప్పుకోవడం నాకు చాలా విలువైన పని. “మాలో కులం లేదు” అనే మాట చాటున చాలా అన్యాయం దాక్కుంటుంది.

ఇక గుడి దగ్గరకు వద్దాం. 2018 ఏప్రిల్ 16న హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు బాలాజీ ఆలయ ప్రధాన అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని, మేళతాళాలతో లోపలికి తీసుకెళ్ళారు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. మునివాహన సేవ అన్నారు దాన్ని. దాని వెనుక శ్రీరంగం కథ ఉంది. తిరుప్పాణాళ్వారు పాణర్ కులంలో పుట్టిన గాయకుడు. గుడిలోకి రానివ్వరు కాబట్టి కావేరి అవతలి ఒడ్డున నిలబడి రంగనాథుణ్ణి పాడేవాడు. అర్చకుడు లోకసారంగముని నీళ్ళకు వచ్చి, పాటలో మైమరచిపోయి పక్కకు తప్పుకోని ఆ మనిషి మీద రాయి విసిరాడు. గుడిలోకి వెళ్ళి చూస్తే స్వామి నుదుట రక్తం. అతణ్ణి నీ భుజాల మీద మోసుకురా అని ఆజ్ఞ. అలా ఆయన గర్భగుడి దాకా వెళ్ళాడు, పన్నెండుమంది ఆళ్వారుల్లో ఒకడయ్యాడు.

జియాగూడలో జరిగింది నా మనసును తాకింది. సంప్రదాయం లోపలి నుంచే, ఆగమం తెలిసిన అర్చకుడే, తమ గ్రంథాల్లోని కథనే తీసుకుని చేసిన పని అది. బయటివాళ్ళు వచ్చి మీ మతం మార్చుకోండి అంటే వినని పెద్దవాళ్ళు కూడా ఇది విన్నారు. దీన్ని నాటకం అని కొట్టిపారేసినవాళ్ళతో నేను ఏకీభవించను. పల్లెల్లో నేటికీ రథం తాడు ముట్టుకున్నందుకు, గుడి మెట్టు మీద కూర్చున్నందుకు దెబ్బలు తినే మనుషులున్నప్పుడు, ఒక అర్చకుడి భుజం చెప్పే మాటకు బరువుంది.

అయితే అక్కడితో ఆగకూడదు. మోసుకెళ్ళిన మనిషి దిగాక ఎక్కడ నిలబడతాడు? ఆయన కొడుకో, మేనల్లుడో వేదం, ఆగమం నేర్చుకుని అదే గుడిలో హారతి ఇవ్వగలడా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వ హక్కును రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007లో సవరణ తెచ్చి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. చట్టం ఇలా అటూ ఇటూ ఊగుతుండగా కేరళ ఒక దారి చూపింది. 2017లో అక్కడి గుళ్ళను నిర్వహించే తిరువాంకూరు దేవస్వం బోర్డు రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి, రిజర్వేషన్ పాటించి, 36 మంది బ్రాహ్మణేతరులను అర్చకులుగా ఎంపిక చేసింది. వాళ్ళలో ఆరుగురు దళితులు. తంత్రవిధి నేర్చుకున్నవాడు ఏ కులంవాడైనా అర్చకుడు కావచ్చని 2002లోనే సుప్రీంకోర్టు కేరళ కేసులోనే చెప్పింది కూడా. ఆ రాష్ట్రంలో 1924లో వైకం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. రోడ్డు నుంచి గర్భగుడికి చేరడానికి తొంభై ఏళ్ళు దాటింది.

అక్కడ కూడా అంతా సజావుగా లేదు. 2025లో ఇరింజాలకుడ కూడల్‌మాణిక్యం గుడిలో మాలలు కట్టే ఉద్యోగానికి పరీక్ష రాసి ఎంపికైన, ఈళవ అనే వెనుకబడిన కులపు యువకుణ్ణి తంత్రులు, అంటే ఆ గుడి పూజావిధుల పెద్దలు, ఒప్పుకోలేదు. ఆయన్ని ఆఫీసు పనికి మార్చారు. చివరికి ఆయన రాజీనామా చేశారు. పూల మాల కట్టే చేయి ఎవరిదన్నది 2025లోనూ గొడవే. అందుకే దర్శనం హక్కుతో సంతోషపడి ఆగిపోవద్దంటున్నాను.

సిక్కుల చరిత్రలో ఒక ఘట్టం ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. 1920 అక్టోబరు 12న అమృత్‌సర్‌లో అమృతం పుచ్చుకున్న దళిత సిక్కులు స్వర్ణ మందిరానికి ప్రసాదం తీసుకెళ్ళారు. పూజారులు దాన్ని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. వాదన జరిగి, గురుగ్రంథాన్ని తెరిచి చదివితే వచ్చిన వాక్యం ప్రసాదం తెచ్చినవాళ్ళ పక్షాన ఉంది. మందిరంలో ప్రసాదం స్వీకరించారు. వాళ్ళు అక్కడి నుంచి పక్కనే ఉన్న సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్‌కు వెళ్ళేసరికి పూజారులు తమ స్థానాలు వదిలేసి వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఆ చోట, చేరిన భక్తుల నుంచి ఒక కమిటీ వచ్చి బాధ్యత తీసుకుంది. కొద్ది వారాల్లోనే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఏర్పడింది. దళితుల పళ్ళెం దగ్గర మొదలైన తగువు మొత్తం గురుద్వారాల నిర్వహణనే మార్చేసింది. అయినా పంజాబు పల్లెల్లో దళితులకు వేరే గురుద్వారాలు, వేరే శ్మశానాలు ఇంకా ఉన్నాయి.

ముస్లింల విషయంలో నేను క్లుప్తంగానే మాట్లాడతాను, ఎందుకంటే ఈ మాట లోపలినుంచి చెప్పాల్సినవాళ్ళు చెబుతున్నారు. నమాజు వరసలో కులం లేదన్నది నిజం. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు వరస. కానీ దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలను అడగండి, షేక్, సయ్యద్ ఇళ్ళతో సంబంధం కలుపుకోవడం ఎంత కష్టమో చెబుతారు. తెలుగు మాట్లాడతారని, సాయిబుల్లా ఉండరని వాళ్ళను తక్కువగా చూసే అలవాటు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా ముస్లింలలో వెనుకబడిన వర్గాలను గుర్తించి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వాళ్ళను బయట ఉంచారు. ఇస్లాంలో కులం లేనప్పుడు ఈ విభజన ఏమిటని అభ్యంతరాలు వచ్చాయి. ఉత్తరాదిన వెనుకబడిన ముస్లింల పస్మాందా ఉద్యమం ముస్లిం సమాజంలోని కులం గురించి గట్టిగా అడుగుతోంది. ధర్మంలో లేనిది సమాజంలో ఉండవచ్చు, ఉంది. మసీదు కమిటీలో, వక్ఫ్ ఆస్తుల నిర్వహణలో ఏ కుటుంబాలున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు మనల్ని అందరినీ సిగ్గుపడేలా చేసే విషయం. జోగినీ ఆచారం. నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జోగిని అన్నారు. రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. దళిత కుటుంబంలో ఆడపిల్లకు జబ్బు చేస్తేనో, మగపిల్లలు లేకపోతేనో, పంటలు పోతేనో ఆ పిల్లను అమ్మవారికి ఇస్తారు. ఆ తర్వాత ఆమె ఊరి మగవాళ్ళందరి సొత్తు. ఆమె పిల్లలకు తండ్రి పేరు ఉండదు. బడిలో చేర్చేటప్పుడు ఆ ఖాళీ గడి దగ్గర ఎంత అవమానమో ఊహించండి. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

ఆ చట్టం ఊళ్ళలోకి దిగడానికి కష్టపడినవాళ్ళలో హేమలతా లవణం గారి పేరు మీరు గుర్తుంచుకోవాలి. మహాకవి గుర్రం జాషువా గారి కుమార్తె ఆమె. జాషువా గారిని కులం పేరుతో హిందూ పండితులు దూరం పెట్టారు. హిందూ పురాణ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలూ దూరం పెట్టారు. ఆ ఇంటి అమ్మాయి, నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కుమారుడు లవణాన్ని పెళ్ళి చేసుకుంది. ఈ దంపతులు అంతకు ముందు స్టువర్టుపురంలో నేరస్థ జాతి అని ముద్ర వేయబడిన కుటుంబాలతో పనిచేశారు. ఆ ఊరు మొదట సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు. ప్రభుత్వం మనుషులను పుట్టుకతో దొంగలని రాసిపెట్టి, వాళ్ళను అదుపులో ఉంచే పనిని ఒక మత సంస్థకు అప్పగించింది. సేవ, కాపలా రెండూ ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో అధ్యయనం చేయదలచినవాళ్ళు స్టువర్టుపురం చరిత్ర చదవాలి.

నిజామాబాదు జిల్లా వర్నిలో హేమలత గారు చెల్లి నిలయం నడిపారు. జోగినీలకు చదువు, పని, పెళ్ళిళ్ళు. దేవుణ్ణి నమ్మని మనిషి, అమ్మవారి భయంతో బతుకుతున్న ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. ఎల్లమ్మను తిడితే ఆ తల్లులు ఆమెను గుమ్మంలోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. ఆమె చెల్లీ అని పిలిచింది, వాళ్ళ పిల్లల గురించి మాట్లాడింది. నేను నాస్తికుణ్ణి కాను. కానీ ఈ విషయంలో మన గుళ్ళు, మఠాలు చేయాల్సిన పని ఒక నాస్తికురాలు చేసిందని ఒప్పుకోవాలి. ఈ ఆచారం ధర్మం కాదని పీఠాధిపతులు ఊరూరా తిరిగి ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలు బతికిపోయేవారో. అమ్మవారి పేరు మీద జరుగుతున్నదాన్ని ఆపగల మాట, అమ్మవారిని నమ్మేవాళ్ళ నోట వస్తే దాని బలమే వేరు.

ఇంతసేపూ మతాలనే ప్రశ్నించాను. రాజ్యాన్నీ ఒక ప్రశ్న అడగాలి. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక మరో మతం పాటించేవాళ్ళు ఎస్సీలు కారు అని. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఫలితం ఏమిటో గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం కాగితం మీద హిందువుగా ఉంటుంది. మతం మారానని నిజం రాస్తే ఎస్సీ పోయి వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు, అంటే బీసీ-సీ అవుతుంది, అక్కడ ఉన్న రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా పోతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో ఇదే చెప్పింది. ఊళ్ళో అతణ్ణి కొట్టినవాడు బైబిలు చూసి కొట్టడు, కులం చూసి కొడతాడు. చట్టం మాత్రం బైబిలు చూస్తుంది.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరా తీసేయమంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది, గడువు పొడిగిస్తూ వచ్చింది. అవతలి వాదన కూడా మీకు తెలియాలి. ఉన్న కోటాలోనే కొత్తవాళ్ళు చేరితే మా వాటా తగ్గుతుందని హిందూ దళితులు కొందరు భయపడుతున్నారు. చదువులో ముందున్న మిషను కుటుంబాలతో మేం పోటీపడలేమంటున్నారు. ఆ భయాన్ని చిన్నచూపు చూడకూడదు. కోటా పరిమాణం, వర్గీకరణ కలిపి తేల్చాల్సిన విషయం అది. కానీ ఒక మనిషి తన దేవుణ్ణి సర్టిఫికెట్లో దాచుకుని బతకాలనడం తప్పు. ఆ మాట హిందూ ధర్మాచార్యులు కూడా అనాలని నా కోరిక. మా మతంలో ఉంటేనే నీకు మేలు అని చట్టం చేత చెప్పించుకునే స్థితి ఏ ధర్మానికీ గౌరవం కాదు.

చివరగా శ్మశానం. కులం మనిషిని చనిపోయాక కూడా వదలదు అని ఊరికే అనడం లేదు. మన పల్లెల్లో ఊరివాళ్ళ శ్మశానం ఒకటి, మాలలది ఒకటి, మాదిగలది ఒకటి. క్రైస్తవులైతే సమాధుల తోటకు స్థలం దొరకక చెరువు కట్ట మీదో, వాగు పక్కనో పూడ్చే కుటుంబాలున్నాయి. దారి మధ్యలో ఒకరి పొలం ఉంటుంది. పాడె తీసుకెళ్తుంటే ఆపుతారు. తమిళనాడు తిరుచిరాపల్లిలోని మేలపుదూర్‌లో కాథలిక్కుల శ్మశానంలోనే కులాల మధ్య గోడ కట్టారు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ బస్తర్ నుంచి ఒక కొడుకు తన తండ్రిని సొంత ఊళ్ళో పూడ్చనివ్వమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. తండ్రి క్రైస్తవ పాస్టరు. శవం మార్చురీలో మూడు వారాలు ఉంది. ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పి, ఇంకా ఆలస్యం కాకూడదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్ళమన్నారు.

దీనికి ఎదురుగా మన తిరుపతినే పెట్టుకోవచ్చు. 2021లో కోవిడ్ రెండో ఉధృతిలో సొంతవాళ్ళే శవాన్ని ముట్టుకోవడానికి భయపడ్డ రోజుల్లో అక్కడి ముస్లిం యువకులు జట్లుగా ఏర్పడి వందల మందికి అంత్యక్రియలు చేశారు. హిందువైతే హిందూ పద్ధతిలో, క్రైస్తవుడైతే వాళ్ళ పద్ధతిలో. ఆ చేతులు ఎవరివని అప్పుడు ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండగలమని ఆ రోజుల్లో తెలిసింది కదా, మామూలు రోజుల్లో ఎందుకు చేతకావడం లేదు?

తెలంగాణలో 2019 తర్వాత పల్లె ప్రగతి కింద దాదాపు ప్రతి పంచాయతీలో వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టారు. ప్రభుత్వ డబ్బుతో, ఊరందరి కోసం. చాలా మంచి పని. ఇప్పుడు చూడాల్సింది వాటిని ఎవరు వాడుతున్నారు, దళితవాడ పాడె అక్కడికి వెళ్తోందా, పూడ్చే ఆచారం ఉన్న క్రైస్తవులకు, ముస్లింలకు, లింగాయతులకు చోటు ఉందా అని. ఆంధ్రలో ఇదే ప్రశ్న రెవెన్యూ రికార్డుల దగ్గర అడగాలి.

మీరు సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక పని చేయండి. పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి మీ ఊళ్ళో ఎన్ని శ్మశానాలున్నాయో, ఏ సర్వే నంబరులో ఎవరి పేర ఎంత ఉందో, దారి ఉందో లేదో రాసుకోండి. అలాగే ఊరి గుడి ధర్మకర్తల మండలిలో, చర్చి కమిటీలో, మసీదు కమిటీలో ఎవరెవరున్నారో, ఆడవాళ్ళు ఎంతమందో అడగండి. గొడవ పెట్టుకోవద్దు, అడిగి రాసుకోండి చాలు. ఒక తరగతిలో నలభై మంది ఉంటే నలభై ఊళ్ళ లెక్క వస్తుంది. మీ అధ్యాపకులు ఒప్పుకుంటే ఆ కాగితాలు ముందు పెట్టుకుని, మీ ప్రాంతంలోని పూజారులను, పాస్టర్లను, ఇమాములను పిలిచి ఇదే హాల్లో కూర్చుందాం. నేను వస్తాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసల్లో ఉన్న అమ్మాయిలకు ముందు మైకు ఇవ్వండి.